నో లిమిట్ (పందేనికి పరిమితి లేని) పోకర్‌లో ఎంత బెట్ వేయాలి?

విజయనగరంలో సంక్రాంతికి బావలతో చింతపిక్కలు పెట్టి ఆడుతున్నామనీ, మంచి ముక్కలు పడి ఆల్ ఇన్ (ఉన్న పిక్కలన్నీ ఒకేసారి పందెం) అంటే అందరూ పడేసి తప్పుకుంటున్నారనీ అడిగారు. (పిక్కలే మంచిది. డబ్బుతో ఆన్‌లైన్ పోకర్ మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం.) తప్పుకోరా మరి! అంత పెద్ద బెట్‌కి నిలబడేది ఎక్కువగా మీకంటే మంచి ముక్కలున్నవాళ్లే.

బెట్‌ను ఎప్పుడూ పాట్‌తో, అంటే మధ్యలో పోగైన పందెంతో పోల్చి చూడండి. పాట్‌లో 100 పిక్కలున్నాయి, మీరు 50 వేశారు. ఎదుటాయన కూడా 50 పెడితే మొత్తం 200. అంటే నాలుగింట ఒకసారి గెలిస్తే ఆయనకు సరిపోతుంది. ఇప్పుడు ఫ్లాప్‌తో (అందరికీ ఉమ్మడిగా మధ్యలో తెరిచే మొదటి మూడు ముక్కలు) కలిపి ఆయనకు నాలుగు ఆటీన్లు ఉన్నాయనుకుందాం. ఐదోది పడితే ఫ్లష్, అంటే ఐదూ ఒకే గుర్తు, మిమ్మల్ని కొట్టేస్తాడు. ఆయనకు కనబడని 47 ముక్కల్లో ఆటీన్లు ఇంకా 9. తర్వాతి ముక్కకే ఆటీను పడే అవకాశం దాదాపు 19 శాతం. ఆ ఒక్క ముక్క కోసమే అయితే 50 పెట్టడం గిట్టదు. మీరు 20 మాత్రమే వేస్తే, ఆయనకు 14 శాతం చాలు, హాయిగా పెట్టేస్తాడు.

అందుకే ఫ్లాప్‌లో రాజు, 7, 2 వేర్వేరు గుర్తులతో పడితే, ఎదుటివాళ్లకు అలా ముక్కలు కలిసే అవకాశం తక్కువ కాబట్టి, పాట్‌లో మూడోవంతు చాలు. 9, 8, 7 పడి, వాటిలో రెండు ఒకే గుర్తువైతే, వరసో ఫ్లషో కలిసే అవకాశాలు ఎక్కువ కాబట్టి, ముప్పావు వంతు దాకా వెళ్లొచ్చు.

బ్లఫ్‌కీ (మంచి ముక్కలు లేకుండానే భయపెట్టడానికి వేసే బెట్) ఇదే లెక్క. సగం పాట్ వేస్తే మూడింట ఒకసారి, పూర్తి పాట్ వేస్తే రెండింట ఒకసారి ఎదుటివాళ్లు తప్పుకుంటే మీకు నష్టం రాదు. ఏం వేసినా తప్పుకోని బావ ఒకాయన ఉంటాడు కదా, ఆయన మీద మాత్రం బ్లఫ్ వద్దు.