వస్తువు ఒకటే, యజమానులే మారతారు

ప్రశ్న: ఒకే వస్తువు చేతులు మారుతూ పోయే కథతో ఆరు ఎపిసోడ్ల నాటకం రాస్తున్నాను. విడివిడిగా చదివినవాళ్లు బాగున్నాయంటున్నారు, వరసగా చదివితే మాత్రం ఆరు వేరే కథల్లా ఉన్నాయట. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఏదైనా ఎపిసోడ్‌లో ఆ వస్తువు తీసేసి ఇంకోటి పెట్టినా కథ నడిచిపోతోందంటే ఆ ఎపిసోడ్ ఈ నాటకానిది కాదు, ఎంత బాగా రాసినా సరే.

‘ది రెడ్ వయొలిన్’ (1998) సినిమా చూడకపోతే తప్పకుండా చూడండి. 1681లో ఇటలీలోని క్రెమోనాలో తయారైన వయొలిన్ వియన్నా, ఆక్స్‌ఫర్డ్, షాంఘై తిరిగి మాంట్రియల్‌లో వేలానికి వస్తుంది. మూడు శతాబ్దాలు, ఐదు భాషలు, అయినా ముక్కలుముక్కలుగా అనిపించదు. ఎందుకంటే మొదట్లోనే పనిమనిషి టారో కార్డులు వేసి, వయొలిన్ తయారుచేసినవాడి భార్యకి జోస్యం చెబుతుంది, ఒక్కో కార్డు తీసేకొద్దీ వయొలిన్ కథ ముందుకు కదులుతుంది, ఆ భార్య కూనిరాగంగా తీసిన బాణీయే తర్వాత వయొలిన్ మీద పలుకుతూ వెంటే వస్తుంది (జాన్ కొరిగ్లియానోకి ఆ సంగీతం ఆస్కార్ తెచ్చింది, న్యాయంగానే). పైగా వేలంపాట మధ్యమధ్యలో కనిపిస్తూ, చివరికి ఎవరి చేతికి పోతుందో అన్న టెన్షన్‌ని చల్లారనివ్వదు.

మీకు ఇంకా పనికొచ్చేది మాత్రం ‘టేల్స్ ఆఫ్ మన్‌హాటన్’ (1942) అని నా నమ్మకం. అందులో ఒక ఖరీదైన కోటు పేరున్న నటుడి దగ్గర మొదలై దిగజారుతూ పోతుంది. మధ్యలో ఒక సంగీతకారుడికి అది బాగా బిగుతు, నిండు సభలో ఆర్కెస్ట్రా నడిపిస్తుంటే చిరిగిపోతుంది. ఆఖరికి పొలంలో దిష్టిబొమ్మ మీదికి చేరుతుంది. యజమానులు ఒకరికొకరు తెలియకపోయినా ఫర్వాలేదు, కోటు పడుతున్న పాట్లు మనకి కనిపిస్తున్నాయి కదా, అదే కథని కలిపి ఉంచుతోంది. మీ వస్తువు మొదటి ఎపిసోడ్‌లో ఉన్నట్టే ఆరో దాంట్లోనూ కొత్తగా మెరుస్తోందా? అయితే లోపం అక్కడే ఉంది.

చేతులు మారే సన్నివేశాన్ని రెండు లైన్లలో తేల్చెయ్యకండి. అమ్ముకోవడం, పోగొట్టుకోవడం, దొంగతనం, బాకీ కింద ఇచ్చెయ్యడం, ఏదైనా కానివ్వండి, వదులుకునేవాడికి అది ఎంత బరువో, అందుకునేవాడికి ఎంత తేలికో ఒకే చోట చూపించే అవకాశం ఈ తరహా కథకే ఉంది. నేనైతే ఎపిసోడ్లు పక్కన పెట్టి ఆ ఐదు సన్నివేశాలే ముందు తిరగరాస్తాను.