పంట పోయింది పల్లెలో అయితే నగరంలో అంతమంది ఎందుకు చనిపోయారు?

డబ్బు, వ్యాపారం అంతా నగరాల్లోనే ఉండేది కదా, మధ్యయుగాల కరవుల్లో అక్కడ అంతమంది ఎలా చనిపోయారని అడిగారు. నాకు దగ్గరగా అనిపించిన ఒక ఊరి సంగతి చెబుతాను. అది బెల్జియంలోని ఈపర్.

గెంట్‌లో చదువుకునేటప్పుడు ఒక ఆదివారం రైలెక్కి ఆ ఊరు వెళ్లాను. ఎక్కువమంది అక్కడికి మొదటి ప్రపంచయుద్ధపు సమాధులు చూడటానికి వస్తారు. నేను వెళ్లింది పాత బట్టల మార్కెట్ భవనం కోసం. 1914లో కాలిపోతే మళ్లీ కట్టారు. మాది చీరాల దగ్గర చేనేత కుటుంబం. ఆ రోజుల్లో ఈపర్ ఊరంతా నేత మీద బతికిందంటే ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు.

1315 వసంతం నుంచి ఉత్తర ఐరోపాలో వానలు తెరిపి ఇవ్వలేదు. విత్తనం పొలంలోనే కుళ్లింది. ఎండ లేక ఉప్పు కూడా తయారవలేదు, దాంతో మాంసం నిల్వ పెట్టుకునే దారి పోయింది. ఇంగ్లండ్‌లో 1313లో 5 షిల్లింగులున్న గోధుమల కొలత 1315 నడివేసవికి 40కి చేరింది. ఈపర్ ఉన్న ఫ్లాండర్స్‌కి మామూలుగా ఫ్రాన్స్ నుంచి తిండిగింజలు వచ్చేవి. ఆ ఏడాదే ఫ్రాన్స్ రాజు పదో లూయీ ఫ్లాండర్స్ మీద యుద్ధానికి దిగి, సరుకు రాకుండా ఆపేశాడు.

పల్లెలో గాదెలో నాలుగు గింజలైనా ఉండొచ్చు. నేతపనివాడికి ఏ రోజు కూలి ఆ రోజు రొట్టెకే. 2008లో బియ్యం ధరలు ఎగబాకినప్పుడు మా ఇంట్లో జరిగింది నాకు బాగా గుర్తు. నాన్న మగ్గం మీద పడుగు అయిపోయింది. కొత్త పడుగు కోసం వెళ్తే షావుకారు, "సరుకు కదలట్లేదు, పండగ దాకా ఆగవయ్యా" అన్నారు. బియ్యానికే డబ్బు చాలనివాళ్లు చీర ఎక్కడ కొంటారు? తిండి ధర పెరిగిన రోజుల్లోనే మా మజూరీ ఆగిపోయింది. అమ్మ నూకలు తెచ్చి వండేది. మాకు రేషన్‌లో రెండు రూపాయల బియ్యం వచ్చాయి కాబట్టి ఆ టెన్షన్ కొన్ని నెలలతో గట్టెక్కింది. ఈపర్ జనానికి ఆ దారి లేదు.

1316 మే నుంచి అక్టోబరు దాకా ఆ ఊరు తన ఖర్చుతో పూడ్పించిన శవాలు 2,794. జనాభాలో దాదాపు పదోవంతు. కొన్ని వారాల్లో వారానికి 150 దాటాయి. అందరూ నేరుగా ఆకలితోనే పోలేదు. కడుపు మాడి నీరసించిన వాళ్లను జ్వరాలు, విరేచనాలు తీసుకుపోయాయి.

దగ్గర్లోనే ఉన్న బ్రూజ్‌లో ఇదే కాలంలో 1,938 మంది. అది ఇంకా పెద్ద ఊరు, అక్కడ పోయింది ఇరవయ్యోవంతే. అది ఓడరేవు. మధ్యధరా ప్రాంతం నుంచి ఓడల్లో వచ్చిన ధాన్యాన్ని నగరపాలకులే కొని, తక్కువ ధరకు రొట్టెలు కాల్చేవాళ్లకు ఇచ్చారు. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ తేడాలోనే ఉంది.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. 2,794 అన్నది శవాలు మోసినవాళ్లకు ఊరు చెల్లించిన డబ్బుల పద్దు నుంచి తేలిన లెక్క. సొంత ఖర్చుతో పూడ్చుకున్నవాళ్లు అందులో లేరు. పల్లెల్లో అలాంటి పద్దు రాసినవాళ్లే అరుదు.