క్వయర్ మానిపించకండి, వరస మార్చండి

సిస్టర్, బాబుని క్వయర్, అంటే చర్చిలో కలిసి పాడే బృందం, మానిపించాలా అని అడిగారు. మానిపించకండి. కానీ క్రిస్మస్ దాకా పాత గొంతుతోనే ఎలాగోలా లాక్కురమ్మన్న మాట కూడా వినకండి.

బాబుకి 13 ఏళ్ళనీ, ఒడిశా రాయగడలో మీ చర్చి మగపిల్లల క్వయర్‌లో మూడేళ్ళుగా సొప్రానో, అంటే అన్నిటికన్నా పై గొంతు వరస, పాడుతున్నాడనీ రాశారు. నెల రోజులుగా పైస్వరాల దగ్గర గొంతు జారిపోతోందనీ, వాడు గది తలుపేసుకుని ఏడుస్తున్నాడనీ చెప్పారు. 1994లో పర్లాకిమిడిలో నాకూ ఇదే జరిగింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

నేను చర్చి బోర్డింగ్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. తెలుగు పిల్లలం, ఒడియా పిల్లలు, కొండల మీది ఊళ్ళ నుంచి వచ్చిన సవర పిల్లలు, అందరం ఒకే హాల్లో పడుకునేవాళ్ళం. బడిలో చదువంతా ఒడియా. తెలుగు అక్షరాలు నేను కూడబలుక్కుని నేర్చుకున్నది కీర్తనల పుస్తకంలోనే. క్వయర్‌లో ముందు వరస సొప్రానోలం, వెనక కొంచెం కింది గొంతు ఆల్టో పిల్లలు, ఆ వెనక మగ గొంతు వరసలు టెనర్, ఇంకా కిందిది బేస్ పాడే పెద్దవాళ్ళు. నా చోటు ముందు వరసలో ఎడమ చివర, హార్మోనియం పక్కనే.

డిసెంబరు మొదటి వారం, రిహార్సల్. పల్లవి రెండోసారి పైకి ఎత్తుకునే చోట నా గొంతు రెండుగా చీలిపోయింది. సగం ఉత్త గాలి, సగం ఎవరో పెద్దమనిషి గొంతు. మాస్టరు గారు పాట ఆపి, ఆ మెట్టు ఒక్కటే నొక్కి పట్టుకుని "మళ్ళీ" అన్నారు. మళ్ళీ చీలింది. మూడోసారి ఆయన వేలు తీసేశారు. తిత్తిలో మిగిలిన గాలి మెల్లగా బయటికి పోయిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. "నువ్వు పెదాలు ఆడించు చాలు" అన్నారు.

క్రిస్మస్ రాత్రి తెల్ల చొక్కా వేసుకుని, మెడకి ఎర్ర రిబ్బను కట్టుకుని, గంటన్నర సేపు పెదాలు ఆడించాను. కాశీనగర్ దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చి మూడో బల్లలో కూర్చుంది. ఇరవై గొంతుల్లో నాది లేదని ఆవిడకి మొదటి పాటలోనే తెలిసిపోయింది. బయటికొచ్చాక ఏమీ అడగలేదు, నా మెడలో రిబ్బను విప్పి మడతపెట్టి సంచిలో వేసుకుంది. జనవరిలో నన్ను ప్రాక్టీసుకి ఎవరూ పిలవలేదు. నా చొక్కా ఇంకో అబ్బాయికి సరిచేసి ఇచ్చారు. ఒక్కరు కూడా నన్ను పిలిచి, "నీ గొంతు మారుతోందిరా, ఇన్నాళ్ళూ బాగా పాడావు" అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే చాలా తేడా ఉండేది.

గొంతు పోయిందన్న బాధ కొన్నాళ్ళకి తగ్గింది. శనివారం సాయంత్రం నాలుగయితే ఎక్కడికి పోవాలో తెలియకపోవడం మాత్రం చాలా కాలం పట్టి పీడించింది. దాంతోపాటే కీర్తనల పుస్తకం మూతపడింది. రెండేళ్ళు తిరిగేసరికి ఒత్తులు ఉన్న తెలుగు మాట కనిపిస్తే తడబడేవాణ్ణి. మన సరిహద్దు జిల్లాల్లో చాలామంది పిల్లలకి చర్చి, భజన, ఇల్లు తప్పితే తెలుగు చదివే చోటు లేదు. మీవాడికీ అంతే అయితే, క్వయర్ మానితే పోయేది పాట ఒక్కటే కాదు. ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

బాబుకి ముందు చెప్పాల్సింది, ఇది జబ్బు కాదని. ఈ వయసులో మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోను పెరిగి స్వరపేటిక పెద్దదవుతుంది, లోపలి స్వరతంత్రులు పొడుగవుతాయి, మందమవుతాయి. పొడుగు, మందం పెరిగిన తీగ కింది స్వరంలోనే పలుకుతుంది కదా. గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి, అంటే హార్మోనియం మీద పన్నెండు మెట్లు కిందికి దిగుతుంది. కొందరికి కొన్ని నెలల్లోనే కుదురుకుంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది. మిరియాల పాలు, తాటిబెల్లం ఇవ్వండి, గొంతుకి హాయిగా ఉంటుంది. పాత గొంతు మాత్రం వాటితో వెనక్కి రాదు, వస్తుందని వాడికి ఆశ పెట్టకండి.

లాక్కురావడం ఎందుకు వద్దంటున్నానంటే, మెచ్చుకోళ్ళు బాగా అందుకున్న పిల్లాడు ఆ సన్నగొంతునే పట్టుకుని వేలాడతాడు. మెడ నరాలు బిగబట్టి అరుస్తాడు. కొందరికి గొంతు మారే వయసు దాటాక కూడా మాట సన్నగానే ఉండిపోతుంది. దానికి స్పీచ్ థెరపీ ఉంది, బాగా పనిచేస్తుంది కూడా, కానీ అందాకా రానివ్వడం ఎందుకు? పాడేటప్పుడు నొప్పి ఉన్నా, బొంగురు వారాల తరబడి తగ్గకపోయినా బరంపురమో విశాఖో తీసుకెళ్ళి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

మీ మాస్టరు గారితో మాట్లాడేటప్పుడు ఈ కథలు చెప్పండి. హైడన్ అనే పెద్ద సంగీతకారుణ్ణి 1749లో, 17 ఏళ్ళ వయసులో, వియన్నాలో సెయింట్ స్టీఫెన్ చర్చి క్వయర్ నుంచి పంపేశారు. చేతిలో డబ్బు లేదు, ఉండటానికి చోటు లేదు. తెలిసిన గాయకుడొకాయన తన ఇంట్లో చోటిచ్చి ఆదుకున్నాడు. అదే ఊళ్ళో షూబర్ట్ అనే ఇంకో పెద్ద సంగీతకారుడు చిన్నప్పుడు రాజాస్థానం క్వయర్‌లో పాడేవాడు. చివరిసారి కూత పెట్టింది, అంటే సన్నగొంతుతో పాడింది, 1812 జులై 26న అని తన పాట కాగితం మీద రాసుకున్నాడు. అప్పటికి 15 ఏళ్ళు. ఆయన మాత్రం ఆ తర్వాత కూడా క్వయర్ పిల్లలు చదివే ఆ బడిలోనే ఉన్నాడు, బడి ఆర్కెస్ట్రాలో వయొలిన్ ఉండనే ఉంది. జర్మనీలో లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ చర్చి క్వయర్ 1212 నుంచి నడుస్తోంది. అక్కడ గొంతు మారిన పిల్లలు టెనర్, బేస్ వరసల్లోకి వెళ్ళి బడి చదువు అయ్యేదాకా పాడతారు. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ ఒకే క్వయర్.

ఇప్పుడు మా చర్చిలో మగపిల్లల ప్రాక్టీసు నేనే చూస్తున్నాను. గొంతు జారడం మొదలైన పిల్లాణ్ణి ఆ వారమే ముందు వరస నుంచి తీసి హార్మోనియం దగ్గర కూర్చోబెడతాను. నలుగురిలో కాకుండా, ప్రాక్టీసు అయ్యాక పక్కకి పిలిచి చెప్తాను. ప్రతి శనివారం వాడికి ఏ మెట్టు నుంచి ఏ మెట్టు దాకా హాయిగా వస్తోందో ఇద్దరం వెతుకుతాం, కాగితం మీద తారీకు వేసి రాస్తాం. ఒక్కోసారి నాలుగైదు స్వరాలే దక్కుతాయి. ఆ నాలుగైదింటిలో పట్టే బాణీ ఒకటి కట్టి ఇస్తాను, గట్టిగా కాదు, మామూలుగా పాడమంటాను. మిగతా పాటంతా తబలా, లేదంటే తాళాలు. కొత్తగా చేరిన చిన్నపిల్లలకి మాటలు నేర్పే పని కూడా వాడిదే, తెలుగు పుస్తకం పట్టుకుని. అయిదు శ్రుతిలో పాడిన పిల్లాడు ఒకటిన్నరకి దిగి, మొదటిసారి బేస్ వరసలో నిలబడ్డ రోజున వాడి ముఖం చూడాలి మీరు.

ఈ క్రిస్మస్‌కి చొక్కా, రిబ్బను వాడివే ఉండనివ్వమని మాస్టరు గారిని అడగండి. వాడు వెనక వరసలో నిలబడి తనకొచ్చిన నాలుగు స్వరాలే పాడనీ, పెదాలు ఆడించమని మాత్రం ఎవరూ అనకుండా చూడండి.

ఇంకొక్క పని. ఈ ఆదివారమే, ఇంట్లో, ఫోన్‌లో వాడి పాట రికార్డ్ చేయండి. నా చిన్నప్పటి గొంతు ఏ క్యాసెట్‌లోనూ లేదు. అది గుర్తున్న మనిషి మా అమ్మ ఒక్కతే, ఆవిడ పోయి ఆరేళ్ళయింది. పైస్వరాలు అడగకండి. వాడికి హాయిగా వచ్చే చరణం ఒక్కటి చాలు.