నీ పని ఎవరి చేతికి వెళుతుందో ముందు చూసుకో

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. కంప్యూటర్లు, సమాజం కోర్సులో ఈసారి ఆన్‌లైన్ స్వచ్ఛంద సేవ పెట్టారనీ, ఇంతవరకు ముఖమైనా చూడని ముగ్గురితో కలిసి ఇరవై గంటల పని చేసి చూపించాలనీ రాశావు. ఏ పని ఎంచుకుంటే ఆ గంటలు తొందరగా పూర్తవుతాయో చెప్పమన్నావు. అది మాత్రం చెప్పను. ఇలాంటి విద్యార్థి బృందాలకు పని అప్పజెప్పడం, వాళ్లు చేసి పంపినదాన్ని సరిచూడడం ఏళ్ల తరబడి నా పని. అందుకే గంటల కంటే ముందు నువ్వు తేల్చుకోవలసిన సంగతి ఒకటి చెబుతాను. నువ్వు చేసిన పని ఎవరి చేతికి వెళుతుంది? అది తప్పుగా ఉంటే సరిదిద్దే భారం ఎవరి మీద పడుతుంది?

ఇది చాదస్తం అనుకోకు. 2011లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ పుణెలో ఒక ప్రయోగం చేసింది. కళాశాల విద్యార్థులు తమ పాఠ్యాంశాల మీద ఆంగ్ల వికీపీడియాలో రాయాలి, అది వాళ్ల చదువులో భాగం. ఉద్దేశం చక్కనిది. కానీ చాలామంది పుస్తకాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి పేరాలకు పేరాలు ఎత్తిరాశారు. కాపీహక్కులున్న రాతను అక్కడ ఉంచకూడదు. దాన్ని వెతికి పట్టుకుని తీసేయవలసి వచ్చింది ఎవరనుకున్నావు? పైసా తీసుకోకుండా పనిచేసే స్వచ్ఛంద సంపాదకులు. ఆ ప్రయోగాన్ని కొద్ది నెలల్లోనే ఆపేశారు. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ప్రోగ్రామర్ల ఉత్సవం సమయంలోనూ ఇదే జరిగింది. ఎవరైనా చూసి మార్చగలిగే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే మార్పుల ప్రతిపాదనలు, పంపితే టీషర్టు ఇస్తామన్నారు. జనం ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైళ్లలో ఒక విశేషణం చేర్చి, ఒక కామా మార్చి వేలం వెర్రిగా పంపించారు. ప్రాజెక్టులు నడిపేవాళ్లు అసలు పని వదిలేసి ఆ చెత్త ఏరుకుంటూ కూర్చున్నారు. చివరికి నిర్వాహకులు నెల మొదట్లోనే నియమం మార్చి, మాకు ఇష్టమే అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. రెండు చోట్లా పనిచేసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల చూపు మార్కుల మీద, టీషర్టు మీద ఉంది, అంతే. నీ బృందం చూపు అవతలి మనిషి మీద ఉండాలని నా పట్టుదల.

అవతలి మనిషి స్పష్టంగా కనిపించే పని కావాలంటే పటాల పని చూడు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్టో ప్రిన్స్‌కు వాడుకోదగ్గ వివరమైన డిజిటల్ పటం లేదు. ప్రపంచం నలుమూలల నుంచి వందలాది మంది ఉపగ్రహ చిత్రాలు చూస్తూ, ఎవరైనా దిద్దగలిగే ఉచిత పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వీధులు, ఇళ్లు గీశారు. సహాయక బృందాలు ఆ పటం పట్టుకునే తిరిగాయి. విపత్తు వచ్చేదాకా ఆగకుండా ముందే గీసి పెట్టుకుందామని 2014లో మిస్సింగ్ మ్యాప్స్ అనే ప్రాజెక్టు మొదలైంది. కొత్తవాళ్లు చేరడం తేలిక. అందుకే తూతూమంత్రంగా చేయడమూ తేలిక.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. పటాన్ని గడులుగా విడగొట్టి ఉంచుతారు. ఒక గడి తీసుకోగానే అది నీ పేరున లాక్ అవుతుంది, నువ్వు వదిలేదాకా, లేదా గడువు తీరి దానంతటదే తెరుచుకునేదాకా, ఇంకొకరు దాన్ని ముట్టుకోరు. ఉపగ్రహం చాలాసార్లు ఏటవాలుగా చూస్తుంది కనుక ఎత్తైన భవనం పైకప్పు ఒకచోట, పునాది ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. పైకప్పు అంచుల వెంట గీసి, ఆ ఆకారాన్ని మొత్తంగా పునాది మీదికి జరపాలి. నీడను గోడ అనుకుని కలిపి గీస్తే ఇల్లు ఉన్నదానికంటే పెద్దదైపోతుంది. నాలుగు మూలలూ పెట్టాక కీబోర్డు మీద క్యూ మీట నొక్కితే మూలలు లంబకోణాలుగా సర్దుకుంటాయి. చాలామంది ఆ ఒక్క మీట నొక్కరు. ఆ తరువాత సరిచూసే మనిషి ఇల్లిల్లూ తిరిగి సర్దాలి. గడి సగంలో ఉండగా లేవవలసి వస్తే "పూర్తయింది" అని పెట్టకు. ఎక్కడిదాకా వచ్చావో ఒక్క వాక్యం రాసి గడిని వదిలెయ్యి. పూర్తికాని గడికి పూర్తయిందని గుర్తు పెడితే అక్కడ ఇళ్లే లేవని చెప్పినట్టవుతుంది.

మీరు నలుగురు కదా, మీకు ఇంకా బాగా కుదిరేది వికీసోర్స్ అని నా అభిప్రాయం. పాత పుస్తకాల స్కాన్లను పేజీ పేజీ చొప్పున అక్షరరూపంలోకి తెచ్చే చోటు అది. ఎడమా కుడీ పెట్టుకుని ఒకవైపు స్కాను, ఒకవైపు యంత్రం గుర్తుపట్టిన పాఠం చూస్తూ తప్పులు దిద్దాలి. దిద్దని పేజీ ఎరుపు రంగులో ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపు అవుతుంది, మరొకరు మళ్లీ చదివి ఆమోదిస్తే ఆకుపచ్చ. దిద్దినవాళ్లే ఆమోదించడానికి వీలు లేదు. కలిసి పనిచేయడం అంటే ఏమిటో ఇంత సూటిగా నేర్పే ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు. కానీ నలుగురు ఒకే బృందంగా చేరితే ఒక ప్రమాదం ఉంది. నువ్వు నాది ఆకుపచ్చ చెయ్యి, నేను నీది చేస్తాను అనే లోపాయికారీ ఒప్పందం. దానికి లొంగొద్దు. తోటివాళ్ల పేజీలో తప్పు పట్టుకుని సౌమ్యంగా చెప్పడమే ఆ పేజీకీ, వాళ్లకీ నువ్వు చేయగల మేలు. నీ పేజీలో వాళ్లు తప్పు పట్టినప్పుడు మనసు చిన్నబుచ్చుకోకు.

ఇంకో పని కూడా ఉంది, చిన్నదే కానీ నాకు ఎంతో ఇష్టమైనది: చిత్రాలకు వివరణ రాయడం. చూపు లేనివాళ్లు తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పేజీ వింటారు. చిత్రానికి వివరణ లేకపోతే అక్కడ వాళ్లకు వినబడేది ఏదో ఒక ఫైలు పేరు. "పట్టీల చార్టు చిత్రం" అని రాస్తే సరిపోదు. చిత్రం అన్న మాట స్క్రీన్ రీడర్ ఎలాగూ చెబుతుంది. ఆ చార్టులో ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఎంత అన్నది వినేవాళ్లకు కావాలి. ఊరికే అలంకారంగా పెట్టిన గీతకో పువ్వుకో వివరణను ఖాళీగా ఉంచాలి, లేకపోతే అనవసరంగా వినాలి. ఇది పుస్తకం చదివితే తలకెక్కదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని కంప్యూటర్‌లో పెట్టుకుని, తెర ఆపేసి, మీ కోర్సు పేజీ ఒక్కసారి విను. ఏం రాయాలో నీకే తెలుస్తుంది.

పని ఏదైనా నిజంగా కష్టపెట్టేది బృందం. ముఖాముఖి కూర్చున్నప్పుడు ఎవరు అలసిపోయారో, ఎవరికి అర్థం కాలేదో చూస్తే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో మౌనం ఒక్కటే కనబడుతుంది, దానికి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. నేను చూసిన బృందాలు గొడవ పడి చెడినవి తక్కువ, చెప్పాపెట్టకుండా జారుకోవడం వల్ల చెడినవే ఎక్కువ. అందుకని మొదటి రోజే అందరూ చూడగలిగే ఒక కాగితం లాంటి పత్రం తెరవండి. ఏ పని, ఎవరిది, ఎప్పటికి. ప్రతి పనికీ ఒక్కరి పేరే ఉండాలి. నలుగురిదీ అనుకున్న పని ఎవరూ చేయరు. ఫోనులో మాట్లాడుకుని ఏదైనా నిర్ణయిస్తే ఆ రోజే అందులో రాసిపెట్టండి, ఆ వేళకు రాలేకపోయినవాళ్లు వెనకబడకుండా ఉంటారు. పని జరగకపోయినా వారానికి రెండుసార్లు "ఇంతవరకు వచ్చాను, ఇక్కడ ఆగాను" అని రాయడం అలవాటు చేసుకోండి. చేయలేనని బుధవారం చెప్పినవాళ్ల మీద ఎవరికీ కోపం రాదు. ఆదివారం రాత్రి గడువు దాటాక తెలిస్తేనే వస్తుంది.

ఒకరు అసలు పలకకపోతే? అందరి ముందూ నిలదీయకు. విడిగా ఒక మాట రాసి ఏం ఇబ్బంది వచ్చిందో అడుగు. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌ను ముగ్గురు వాడుకోవలసి రావచ్చు, ఉద్యోగం చేస్తూ చదువుతుండవచ్చు, వీడియోకు చాలినంత నెట్ అందకపోవచ్చు. డిజిటల్ అంతరం గురించి మీరు కోర్సులో చదువుతున్నారే, అది ముందు మీ నలుగురి మధ్యే ఉండే అవకాశం ఎక్కువ. వీడియో సమావేశాలు తగ్గించి రాతలో నడుపుకుంటే చాలా ఇబ్బందులు అక్కడే తీరిపోతాయి. అప్పటికీ స్పందన లేకపోతే సకాలంలో అధ్యాపకులకు చెప్పు. వాళ్ల వాటా కూడా రహస్యంగా నువ్వే చేసి లోలోపల కుమిలిపోవడం మాత్రం వద్దు. మంచితనం ఉన్న ఆడపిల్లలు ఆ పని ఎక్కువగా చేయడం చూశాను, నాకు బాధ కలుగుతుంది.

యంత్రం చేత, అంటే ఏఐ చేత, రాయించడం గురించి అడిగావు. ముందు ఆ ప్రాజెక్టు నియమాలు చూడు. వద్దంటే వద్దే. ఒప్పుకుంటే ఎక్కడ వాడావో చెప్పి, ప్రతి మాటా నువ్వు సరిచూసి పంపు. చిత్రంలో లేనిది ఉన్నట్టు, పుస్తకంలో లేని పదం ఉన్నట్టు యంత్రం ఎంతో నమ్మకంగా రాస్తుంది. నువ్వు చూడకుండా పంపితే ఆ చూసే పని ఇంకొకరి నెత్తిన పడుతుంది.

వ్యక్తిగత సమాచారం దగ్గర నాకు మొహమాటం లేదు, కఠినంగానే చెబుతున్నాను. ఏదైనా సేవాసంస్థకు పనిచేస్తే, పనికి ఎంత అవసరమో అంత అనుమతే అడుగు. సభ్యుల జాబితా, ఫోను నంబర్లు ఇస్తామన్నా అవసరం లేకపోతే వద్దను. పాస్‌వర్డులు బృందం చాట్‌లో పెట్టుకోవద్దు. నివేదికలో అతికించే తెరచిత్రాల్లో ఇతరుల పేర్లు, ముఖాలు కనబడకుండా చెరిపెయ్యి. సాయం పొందినవాళ్ల కష్టం నీ మార్కుల కోసం ప్రదర్శనకు పెట్టే వస్తువు కాదు. వాళ్ల అనుమతి లేకుండా ఒక్క ఫొటో కూడా వద్దు.

గంటల లెక్క నిజాయితీగా రాయి. నేర్చుకోవడానికి పట్టిన సమయమూ పనే, దాచుకోనక్కరలేదు. తిప్పి పంపిన పేజీలు ఉంటే అవీ రాయండి. ఎందుకు తిప్పి పంపారో అర్థం చేసుకుని రాసిన ఒక పేరా, అంతా సాఫీగా జరిగిందని రాసిన నాలుగు పేజీల కంటే అధ్యాపకులకు ఎక్కువ చెబుతుంది.

ఇక ముగింపు సంగతి. కోర్సు అయిపోయాక కూడా కొనసాగాలా అని సంకోచిస్తున్నావు. కొనసాగాలని నియమం లేదు. కానీ వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లాలి. చేసింది ఏమిటి, మిగిలింది ఏమిటి, ఫైళ్లు ఎక్కడున్నాయి అన్నది ఒక పేజీలో రాసి అప్పజెప్పండి. మీకిచ్చిన అనుమతులు తీసేయమని మీరే అడగండి. పైసెమిస్టరులో వచ్చే బృందం ఆ పేజీ చదివి మొదటి రోజే పనిలో దిగగలిగితే, మీరు బాగా చేసినట్టు.

ప్రాజెక్టువాళ్లను ముందుగా పలకరిస్తూ రాసే సందేశం ఎలా ఉండాలన్నావు. ఇలా రాయి:

"నమస్కారం. మేం నలుగురం విద్యార్థులం. కోర్సులో భాగంగా వచ్చే ఆరు వారాలు, తలా ఇరవై గంటలు పనిచేయగలం. మీ నియమాల పేజీ చదివాం. స్కాను పేజీలు దిద్దడం మాకు కొత్త. మొదట ఐదు పేజీలు దిద్ది మీకు చూపిస్తాం, అవి సరిగా ఉన్నాయని మీరు చెప్పాకే ముందుకు వెళతాం. ఇప్పుడు మీకు ఏ పుస్తకం అవసరంగా ఉంది? మా పని చూడడానికి మీకు వీలు లేకపోతే అదీ చెప్పండి, మరోచోట ప్రయత్నిస్తాం."

నలుగురి పేర్లూ పెట్టి ఈ రాత్రికే పంపు. జవాబుకు ఒక వారం ఆగు, వాళ్లూ తీరిక చేసుకుని పనిచేసేవాళ్లే. ఒకసారి గుర్తుచెయ్యి. అప్పటికీ రాకపోతే రెండో ప్రాజెక్టుకు రాయి. దాని పేరు కూడా ఇప్పుడే అనుకుని పెట్టుకోండి, లేకపోతే ఎదురుచూపుల్లోనే ఆరు వారాల్లో రెండు వారాలు పోతాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ