కిట్టూకు బోను కొనే ముందు

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ లాబ్రడార్ కుక్కపిల్ల కిట్టూ కోసం మడత పెట్టే ఇనుప బోను కొంటున్నామని, ఏ సైజు తీసుకోవాలో చెప్పమని నిన్న ఫోనులో అడిగావు. మాట చివర్లో, "మేమిద్దరం ఆఫీసుకు వెళ్లేటప్పుడు అందులో పెట్టేసి వెళితే ఇల్లు పాడు చేయడు కదా" అన్నావు. ఫోనులో తేల్చే విషయం కాదనిపించి రాస్తున్నాను. సైజు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం.

అలా పెట్టి వెళ్లకూడదు నాన్నా. వాడికి ఇంకా మూడు నెలలు. కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే ఎన్ని గంటలవుతుందో అంతకు మించి మూత్రం ఆపుకోలేదని కుక్కలు పెంచేవారు లెక్క చెబుతారు. అది కూడా గరిష్ఠ పరిమితి. మెలకువగా ఉన్నప్పుడు అంతసేపు కూడా ఆగలేదు. తిరువాన్మియూరు నుంచి షోళింగనల్లూరు వెళ్లి, పని చేసి, ఆ చెన్నై ట్రాఫిక్‌లో తిరిగి వచ్చేసరికి మీకు పది గంటలు పడుతుంది. అంతసేపు మూసి ఉంచితే వాడు పడుకునే చోటే తడుపుకోక తప్పదు. పడక శుభ్రంగా ఉంచుకోవాలనేది కుక్కకు పుట్టుకతో వచ్చే గుణం. ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ చేయకుండా నేర్పడానికి మనకున్న ఆధారం అదొక్కటే. దాన్ని మన చేతులతో చెడగొడితే మళ్లీ నేర్పడం చాలా కష్టం. పెద్ద కుక్కనైనా పగటిపూట నాలుగైదు గంటలకు మించి మూసి ఉంచడం నాకు సమ్మతం కాదు. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

మరి బోను ఎందుకంటే, వాడికంటూ ఒక పడక గది ఉండాలి కాబట్టి. ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోతుంది. నిద్ర చాలకపోతే చిరాకెత్తి కాళ్లు, చేతులు, చీర కుచ్చెళ్లు అన్నీ కొరుకుతుంది. చాలామంది దాన్ని పొగరనుకుని కసురుతారు. గంటసేపు నిద్రపోయి లేస్తే అదే పిల్ల బంగారంలా ఉంటుంది. చుట్టాలు వచ్చినప్పుడు, ఇల్లు తుడిచేటప్పుడు, రాత్రి పడుకునేటప్పుడు, ఒంట్లో బాగోలేక డాక్టరు కదలనివ్వవద్దన్నప్పుడు బోను ఎంతో ఆదుకుంటుంది. పగలు మీరిద్దరూ లేనప్పటి సంగతికి వేరే ఏర్పాటు చూడండి. మధ్యాహ్నం ఒకరు వచ్చి బయటికి తీసుకెళ్లేలా మనిషిని పెట్టుకోండి, లేదా కొన్నాళ్లు వంతులవారీగా ఇంటి నుంచి పని చేయండి. బోను తలుపు తెరిచి, దాని ముందు చిన్న కంచెలా ఇనుప జాలీ పలకలు కట్టి, ఒక మూల కాగితాలు పరిచినా పిల్లకు కదలడానికి చోటుంటుంది.

ఇక సైజు. ఈ బోనులు పొడవును బట్టి 24, 30, 36, 42, 48 అంగుళాల్లో దొరుకుతాయి. పెరిగిన కుక్కకు కొలవాల్సింది ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా. తోకను లెక్కలోకి తీసుకోకూడదు. దానికి నాలుగు అంగుళాలు కలపాలి. ఎత్తు కొలిచేటప్పుడు కుక్కను కూర్చోబెట్టి, నేల నుంచి నడినెత్తి దాకా, చెవులు నిక్కబొడుచుకునే జాతి అయితే చెవి కొన దాకా కొలిచి, మరో మూడు నాలుగు అంగుళాలు కలపాలి. లోపల తల వంచకుండా నిలబడాలి, ఒక చుట్టు తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. మగ లాబ్రడార్ భుజం దగ్గర 57 నుంచి 62 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది కాబట్టి కిట్టూకు 42 తీసుకో. వాళ్ల నాన్న బాగా భారీ కుక్క అయితే 48 అవసరం కావచ్చు. పిల్లను ఇచ్చినవారిని అడిగి ఆ కుక్క కొలతలు తెప్పించుకో. మన నాటు కుక్కలకు ఎక్కువగా 36 సరిపోతుంది. మా ఇంట్లో పెరిగిన రాజపాళయంలాంటి పొడుగు కాళ్ల కుక్కకైతే పొడవు కంటే ఎత్తే ముందు చూసుకోవాలి.

ఇప్పుడే 42 కొంటే పిల్లకు అది మరీ పెద్దదవుతుంది. ఒక మూల పడుకుని, ఇంకో మూల మరుగుదొడ్డి చేసుకుంటుంది. అందుకని లోపల జరపడానికి వీలుండే అడ్డు పలక, దుకాణాల్లో డివైడర్ అంటారు, దానితో కలిపి అమ్మే బోను అడుగు. పిల్ల పెరిగేకొద్దీ పలకను వెనక్కి జరుపుకుంటూ పోవచ్చు. పలక లేనిది ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఫోనులో బొమ్మ చూసి తెప్పించకుండా దుకాణానికి వెళ్లు. నువ్వే విప్పి నిలబెట్టు, నువ్వే మడిచి చూడు. అమ్మేవాడు చకచకా చేసి చూపించినంత మాత్రాన సరిపోదు. నిలబెట్టాక అరచేతిని లోపలి వైపు కమ్మీల మీద, ముఖ్యంగా మూలల్లో, నెమ్మదిగా పోనివ్వు. వెల్డింగు చుక్క గరుకుగా తగిలినా, తెగిన కమ్మీ కొన పొడుచుకొచ్చినా అది రేపు వాడి కంటికో పెదవికో తగులుతుంది. తర్వాత తలుపు గొళ్లెం వేసి, తలుపు కింది మూలను బొటనవేలితో గట్టిగా బయటికి తోసి చూడు. అక్కడ సందు తెరుచుకుంటే ఆ బోను పనికిరాదు. కుక్క మూతి దూర్చేది సరిగ్గా అక్కడే. దూర్చిన మూతిని వెనక్కి లాక్కోలేక గిలగిలలాడుతుంది. ఇంత పెద్ద బోనుకు తలుపుకి పైన ఒకటి, కింద ఒకటి గొళ్లేలు ఉండాలి. తీగ మందాన్ని గేజీలో చెబుతారు. గేజీ అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది, ఇది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. ముందు ఒకటి, పక్కన ఒకటి, రెండు తలుపులుంటే ఫ్లాటులో ఏ మూలకైనా సర్దుకుంటుంది.

కింది ట్రే విషయంలో మన ఊరిని దృష్టిలో పెట్టుకోవాలి. మీ ఇల్లు సముద్రానికి దగ్గర. ఉప్పు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడుతున్నాయి. ఇక మూత్రం తగిలే ఇనుప ట్రే ఎన్నాళ్లుంటుంది? గట్టి ప్లాస్టిక్ ట్రే తీసుకో. కొరికే అలవాటున్న పిల్ల అంచులు నమిలితే ఆ ముక్కలు మింగకుండా చూసుకోవాలి, అదొక్కటే దానితో ఇబ్బంది. కమ్మీల మీద పూత ఎక్కడా పెచ్చులు లేవకూడదు. వారానికోసారి తడిగుడ్డతో, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే చాలాకాలం నిలుస్తుంది. శుభ్రం చేయడానికి ఫినాయిల్ వాడొద్దు. కుక్క ఆ ట్రేనే నాకుతుంది. సబ్బు నీళ్లు చాలు. పరుపు కింద, ట్రే అంచు మడతల్లో పిడుదులు దాక్కుంటాయి. చెన్నైలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం కుక్కల ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి ట్రే బయటికి లాగి వెలుతురులో చూడడం మానొద్దు.

బోను ఎక్కడ పెట్టాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. బాల్కనీలో వద్దే వద్దు. మీ బాల్కనీ పడమర వైపు. మే నెలలో కత్తిరి ఎండలకు ఆ ఇనుము ముట్టుకోలేనంత కాలుతుంది, ఈశాన్య రుతుపవనాల్లో జల్లు కొడుతుంది. కుక్కకు అరికాళ్లలో తప్ప చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది. నాలుక మీది తడి ఆవిరైతేనే ఆ చల్లదనం. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ తడి త్వరగా ఆరదు. పైగా బోను చుట్టూ మందపాటి దుప్పటి కప్పితే, వాడు వదిలిన వేడి ఊపిరి వాడినే చుట్టుకుంటుంది. చీకటిగా ఉంటే హాయిగా పడుకుంటాడనుకుంటే పాత నూలు చీర పైన, వెనక వైపు మాత్రం వెయ్యి. అంచులు లోపలికి లాక్కుని దారాలు మింగకుండా పైకి మడిచి పెట్టు. ఫ్యాను గాలి బోను దాకా రావాలి. కరెంటు పోతే ఏసీ ఆగిపోతుంది, ఇన్వర్టర్ ఫ్యానుకే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇంట్లో మనిషి లేకుండా పగలు తలుపు మూసి వెళ్లొద్దు. నీళ్లగిన్నె కమ్మీలకు తగిలించే రకం కొను, కిందపెడితే తన్నేస్తాడు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఆగకుండా రొప్పుతూ, నాలుక ముదురు ఎరుపెక్కి, జొల్లు చిక్కగా కారుతూ, నిలబడలేక తూలుతుంటే అది వడదెబ్బ. వెంటనే బయటికి తీసి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద పెట్టి, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. దగ్గరలో ఎవరూ లేకపోతే వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. 1903లో మొదలైన కళాశాల అది, మన పెరంబూరు ఇంట్లో ఏ కుక్కకు ఏమొచ్చినా అక్కడికే తీసుకెళ్లాం.

ఇప్పుడు అలవాటు చేయడం. దీనికి తొందరపడితే కొన్న డబ్బులు దండగే. మొదటి కొన్ని రోజులు తలుపును వెనక్కి తాడుతో కట్టేయి. ఊగి వీపుకు తగిలినా, టంగుమని చప్పుడైనా వాడికి ఆ భయం ఉండిపోతుంది. ఉడికించిన కోడిమాంసం ముక్కో, క్యారెట్ ముక్కో గుమ్మం దగ్గర ఒకటి, లోపల ఒకటి వెయ్యి. వెళ్లినా వెళ్లకపోయినా ఏమీ అనకు, చేత్తో తోయకు. మూడు కాళ్లు లోపల పెట్టి, నాలుగోది బయటే ఉంచి మెడ సాగదీసి ముక్క అందుకుంటాడు. అప్పుడు వెనక నుంచి తలుపు వేయాలనిపిస్తుంది, వేయొద్దు. ఒక్కసారి మోసపోయిన పిల్ల ఆ గుమ్మం మళ్లీ తొక్కదు. వాడంతట వాడు లోపలికి వెళ్లి వెనక్కి తిరిగి కూర్చునే రోజు వస్తుంది. అప్పుడు అన్నం గిన్నె లోపల చివర పెట్టు. తింటుండగా తలుపు వేసి, గిన్నె ఖాళీ కాకముందే తీసెయ్యి. తర్వాత తినడం అయ్యాక నిమిషం, ఆ తర్వాత అయిదు నిమిషాలు. నువ్వు పక్కనే నేల మీద కూర్చో. అది కుదిరాక గదిలో అటూ ఇటూ తిరుగు, ఆ తర్వాతే గది బయటికి వెళ్లు. ఉప్పూ తాలింపూ లేని పెరుగన్నం గట్టి రబ్బరు బొమ్మలో కూరి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే అది నాకుతూ చాలాసేపు ప్రశాంతంగా ఉంటాడు.

రాత్రి బోను మీ మంచం పక్కనే ఉండాలి. తల్లినీ తోబుట్టువులనీ వదిలి వచ్చిన పిల్లను హాల్లో ఒంటరిగా పడేసి ఏడుస్తున్నాడంటే ఎలా? నడిరాత్రి కుయ్యోమంటే ఎత్తుకుని కిందికి తీసుకెళ్లి, పని కానిచ్చి, ఆటల్లేకుండా మళ్లీ పడుకోబెట్టు. బయటికి పోయి వచ్చాక కూడా ఊరికే మొరిగితే, వాడు మొరగడం ఒక్క క్షణం ఆపాక తలుపు తెరువు. కానీ జొల్లుతో రొమ్మంతా తడిసిపోయి, గోళ్లతో ట్రే గీరుతూ, కమ్మీలను పళ్లతో పట్టి లాగుతుంటే అది మొండితనం కాదు, భయం. వెంటనే తీసి, రెండు మెట్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టు. తగ్గకపోతే డాక్టరును అడుగు. కమ్మీలు కొరికే కుక్కల కోరపళ్లు వెనక వైపు అరిగిపోయి చివరికి విరుగుతాయి. అలాంటి కుక్కకు బోను మానేయడమే న్యాయం.

తప్పు చేశాడని కోపంతో బోనులో పెట్టి గొళ్లెం వేయడం మీ ఇంట్లో ఎవరూ చేయకూడదు. లోపల ఉన్నప్పుడు పిల్లలు చేతులు పెట్టకూడదు, వాడిని బయటికి లాగకూడదు. దీపావళి టపాసులకు వాడు అందులో దూరి దాక్కుంటే తలుపు తెరిచే ఉంచి, మీరు పక్కన ఉండండి.

తలుపు వేసే ప్రతిసారీ మెడపట్టీ తీసేయాలి. పట్టీకి ఉండే బిళ్ల రెండు కమ్మీల మధ్య ఇరుక్కుని, కుక్క బెదిరి మెలి తిరిగితే ఊపిరాడక ప్రాణం పోతుంది. బోను పక్కన గోడకు ఒక కొక్కెం కొట్టించు. పట్టీ, గొలుసు అక్కడ వేలాడితే, పనిమనిషి అయినా మీ ఆవిడ అయినా మరిచిపోరు.

మడత బోను ప్రయాణాలకు పనికొస్తుంది కానీ కారులో బలమైన బ్రేకు పడితే అది కుక్కను కాపాడేంత గట్టిది కాదు, విమానానికి ఈ జాలీ రకాన్ని ఒప్పుకోరు. నెల్లూరు వెళ్లినప్పుడు అక్కడ విప్పి వేస్తే కొత్త ఇంట్లోనూ వాడికి తన చోటు దొరుకుతుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు వేళచ్చేరిలో నీళ్లు నిలిచినప్పుడు కింది అంతస్తువాళ్లు ఎంత అవస్థపడ్డారో నీకు తెలుసు. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ఏ కుక్కనూ మూసి ఇల్లు విడవకూడదు. అటువంటప్పుడు బోను మడిచి మేడ మీదికి మోసుకుపోవచ్చు, మీ మూడో అంతస్తులో కింది ఇంటివారి కుక్కకూ చోటిచ్చినవారవుతారు.

వాడి నాన్న కొలతలు రాగానే పంపు. శనివారం ఉదయం దుకాణానికి నేనూ వస్తాను. టేపు నేను తెస్తాను, నువ్వు కిట్టూ పడుకునే మూల పొడవు, వెడల్పు రాసి తీసుకురా.

ఇట్లు,
మీ పెద్దమ్మ