దురదకు తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు

ప్రశ్న: మా లాబ్రడార్‌కు మూడేళ్లు. నాలుగు నెలలుగా పాదాలు నాక్కుంటూ, చెవులు, పొట్ట గోక్కుంటోంది. చికెన్ పడటం లేదేమోనని మానేసి పెరుగన్నం పెడుతున్నాం. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర, ఆయింట్‌మెంట్ వాడినన్నాళ్లు తగ్గి, ఆపగానే మళ్లీ వస్తోంది. ఏ ఆహారం పడదో రక్తపరీక్షలో తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ఆహారం కంటే ముందు నన్ను కలవరపెడుతున్నది ఆ మాత్ర. మీరు మందుల పేర్లు రాయలేదు కనుక ఖాయంగా చెప్పలేను కానీ, వాడితే తగ్గి ఆపితే తిరగబెడుతోందంటే వాటిలో స్టిరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. స్టిరాయిడ్ దురదను అణచిపెడుతుంది. దాని మాటున గజ్జి, ఫంగస్ వంటివి ముదిరిపోతాయి. పైగా కుక్క ఒంటికి రాసిన మందు చాలావరకు దాని కడుపులోకే పోతుంది. అలాగని రోజుల తరబడి వేస్తున్న మాత్రను ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. ఆ స్ట్రిప్పు, ట్యూబు వెంట తీసుకుని ఈ వారంలోనే పశువైద్యుణ్ని కలవండి. నిజానికి నాలుగు నెలలు ఆగాల్సింది కాదు.

గోమార్లు, పిడుదులు ఉన్నాయేమో చూసి, చర్మాన్ని కాస్త గీకి మైక్రోస్కోపు కింద పరీక్షించడం మొదటి పని. మీ ఇంట్లో ఎవరికైనా చేతుల మీద దురద మొదలైతే ఆ సంగతీ చెప్పండి. కుక్క గజ్జిలో ఒక రకం మనుషులకూ అంటుకుంటుంది.

ఇవేవీ లేవని తేలాకే ఆహారం మీద అనుమానపడాలి. అందుకు రక్తపరీక్షలు నమ్మదగినవి కావు. కుక్కలకు తరచుగా పడని ఆహారాల్లో గొడ్డుమాంసం, పాల పదార్థాలు, చికెన్, గోధుమ ముందుంటాయి కనుక, చికెన్ తీసేసి పెరుగు పెట్టినంత మాత్రాన ఏమీ తేలదు. అది ఇదివరకెన్నడూ తినని మాంసం ఒకటి, పిండిపదార్థం ఒకటి ఎంచుకుని, కనీసం 8 వారాలు అవి తప్ప మరేదీ పెట్టకూడదు. ఎప్పుడూ చేప తినకపోతే ముళ్లు తీసిన ఉడికించిన చేప, చిలగడదుంప సరిపోవచ్చు. ఉప్పు, కారం వద్దు, ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు. ఇంటి వంట కుదరకపోతే, ప్రొటీన్‌ను సన్నని ముక్కలుగా విడగొట్టి తయారుచేసే ప్రత్యేక ఆహారం డాక్టరు రాసిస్తారు. కొలతలు కుక్క బరువును బట్టి వారే చెప్పాలి.

ఇంట్లో అందరూ సహకరించకపోతే ఈ పథ్యం నిలవదు. నా దగ్గరికి వచ్చే ఒక కుక్కకు ఆరు వారాలైనా గుణం కనిపించలేదు. గుచ్చి గుచ్చి అడిగితే, పొద్దున్నే తాతగారు టీలో ముంచిన బిస్కెట్ ఒకటి, "ఒక్కటేగా" అనుకుంటూ, రోజూ దాని నోటికి అందిస్తున్నారని బయటపడింది. ఆ బిస్కెట్‌లో గోధుమా ఉంది, పాలూ ఉన్నాయి. మాంసం రుచి కలిపిన నులిపురుగుల మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

దురద తగ్గితే పాత ఆహారం మళ్లీ పెట్టి చూస్తాం. సాధారణంగా రెండు వారాల్లోపు దురద తిరిగి వస్తే ఆహార అలర్జీ అని నిర్ధారణ అయినట్లే. పథ్యంతో తగ్గకపోతే ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగులు (డస్ట్ మైట్లు), పుప్పొడి వంటి కారణాలు వెతకాలి; వాటి చికిత్స వేరు. ఈలోగా చెవి నుంచి దుర్వాసన వచ్చినా, చీము కారినా, కుక్క తిండి మానేసినా, పథ్యం పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.