అమెరికా పౌరహక్కుల ఉద్యమం: తరగతికి తగిన బోధన సామగ్రి

అమెరికా పౌరహక్కుల ఉద్యమాన్ని, సహనాన్ని బోధించడానికి ఉచిత సామగ్రి ఏది అన్న ప్రశ్నకు, అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలోని సదరన్ పావర్టీ లా సెంటర్ అనే పౌరహక్కుల సంస్థ 1991లో 'టీచింగ్ టాలరెన్స్'గా ప్రారంభించి, 2021లో 'లెర్నింగ్ ఫర్ జస్టిస్'గా పేరు మార్చిన కార్యక్రమాన్నే ముందుగా సూచిస్తాను.

అందులో అత్యంత విలువైనది, 1963 మే నెలలో అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ఊరేగిన నల్లజాతి బడిపిల్లలపై పోలీసులు కుక్కలను ఉసిగొల్పి, అగ్నిమాపక గొట్టాలతో నీళ్లు కొట్టించిన ఘట్టంపై తీసిన డాక్యుమెంటరీ అని నా అభిప్రాయం. తమ వయసువారే అరెస్టుకు సిద్ధపడ్డారని తెలిశాక విద్యార్థులు అడిగే ప్రశ్నల స్థాయే మారిపోతుంది. చిన్న తరగతులకు ఆ దృశ్యాలు తగవు.

బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనందుకు అరెస్టైన నల్లజాతీయురాలు రోజా పార్క్స్‌ను కేవలం అలసిపోయిన మహిళగా చూపే పాఠాలను దయచేసి వాడకండి: 1955 నాటికే ఆమె నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖలో అనుభవజ్ఞురాలైన కార్యకర్త, ఆమె అరెస్టు తర్వాత మాంట్‌గోమరీలో నల్లజాతివారు చేపట్టిన బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది. మన విద్యార్థులైతే దీనితోపాటు అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 17వ అధికరణాన్ని కూడా చదవాలి.